చిల్లు మూత

మా మామగారి ముక్కుతో వేగడం నా వల్ల కాదు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆ సంగతి అర్థమైంది. ఆయన వీధి మలుపులో ఉండగానే మా ఇంట్లో ఏం మాడిందో చెప్పేస్తారు. సబ్బు మారిస్తే కనిపెడతారు. తడి గుడ్డ బకెట్లో మర్చిపోతే, నేను ఒప్పుకునేదాకా ఇల్లంతా వెతుకుతారు. ఒకసారి ఎదురింటావిడ దగ్గర సెంటు అడిగి రాసుకున్నాను. ఆయన గుమ్మంలోనే ఆగి, "ఎదురింటావిడ వచ్చిందా అమ్మాయ్?" అని అడిగారు. అత్తగారు బతికి ఉన్న రోజుల్లో ఆ ముక్కును ఎలా భరించారో తెలియదు. ఆవిడ పోయాక పెద్ద కోడలిగా అది నా వాటాకు వచ్చింది. ఇంట్లో పంచుకోవడానికి వేరే ఆస్తి లేదు కాబట్టి, అందులో సగం తీసుకోమని మా తోడికోడలిని బతిమాలాను. తనకు వద్దంది.

ఇంట్లో నాకు శత్రువైన ఆ ముక్కు ఫ్యాక్టరీలో మాత్రం వీరుడు.

మా మామగారు, మా మరిది ఇద్దరూ నీళ్ళ ట్యాంకులు చేసే ఫ్యాక్టరీలో పనివాళ్ళు. మా ఆయన లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటారు. ట్యాంకు ఎలా తయారవుతుందంటే, జిగురులాంటి రెజిన్‌లో గట్టిపడే మందు కలిపి అచ్చుకు పూస్తారు. మందు కలిసిన జిగురు కాసేపట్లో రాయిలా బిగుసుకుంటుంది. మందు లేనిదే ట్యాంకు లేదు. ఆ మందుకు వేడి పనికిరాదు కాబట్టి దాన్ని చలి గదిలో పెడతారు. పెద్ద పీపాల్లో వచ్చిన మందును ప్లాస్టిక్ డబ్బాల్లోకి వంచుకుని, గోడల పొడుగునా వరసగా పేరుస్తారు. ఆ గదికి ఆనుకునే పనివాళ్ళ భోజనాల షెడ్డు.

అప్పట్లో ఆ డబ్బాలకు చిల్లు మూతలు ఉండేవి. మూత నడుమ సన్నటి రంధ్రం. అందులోంచి ముక్కు బద్దలయ్యే ఘాటు షెడ్డులోకి వచ్చేది. ముద్ద నోట్లో పెట్టుకుంటే మందు నమిలినట్టు ఉండేదట. తలనొప్పులు, కళ్ళ మంటలు. యూనియన్ కార్యదర్శి మా మామగారే. తిరుగుబాటు ఆయన ముక్కులోనే మొదలైంది.

దాన్ని ఇప్పటికీ వాసన సమ్మె అంటారు. నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందు మాట. షెడ్డులో అందరూ క్యారియర్లు విప్పకుండా ముందు పెట్టుకుని, ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని కూర్చున్నారట. మేనేజర్ వచ్చి ఏం కావాలని అడిగితే ఎవరూ రుమాలు తీయలేదట, మా మామగారు తప్ప. "ఆ కంపు మా అన్నంలోకి రాకూడదు" అన్నారట ఆయన. కంపెనీ దిగివచ్చింది. చిల్లు మూతలు పీకేసి బిగింపు మూతలు వేయించింది. వాసన ఆగింది. పనివాళ్ళు షెడ్డులో కూర్చుని అన్నం తిన్నారు. అంతకు ముందు ఆ ఫ్యాక్టరీలో యూనియన్ ఏదీ గెలవలేదు. అందుకని ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ రావలసిందే. కథ వినడానికి వచ్చినవాళ్ళకు టీ, టీ ఇచ్చిన నాకు మళ్ళీ కథ.

కంపెనీ అంత తేలిగ్గా ఎందుకు దిగివచ్చిందో ఎవరూ అడగలేదు. చిల్లు మూత ఖరీదెక్కువ, బిగింపు మూత చవక. అడిగింది కార్మికులు, మిగిలింది యజమానికి.

ఆ మధ్యాహ్నం మామగారు యూనియన్ పని మీద ఊళ్ళోకి వెళ్ళారు, నేను ఇంట్లో బట్టలు మడత పెడుతున్నాను. కిటికీ అద్దం ఒక్కసారి అదిరింది. తర్వాత చప్పుడు వచ్చింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసి, అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో తెలియదు. అది మా మరిది చొక్కా.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి మా లైను ఇళ్ళ ఆడవాళ్ళంతా వచ్చేశారు. కొందరి చేతులకు పిండి ఉంది, కొందరి చేతులకు సబ్బు నురగ. మా తోడికోడలు నా భుజం పట్టుకుని నిలబడింది. లోపల్నుంచి పొగ లేస్తోంది. గేటు తీయలేదు. కాసేపటికి వాచ్‌మన్ వచ్చి, పక్కనున్న బోర్డు మీద ఒక కాగితం అంటించి వెళ్ళిపోయాడు.

"చదువమ్మా, నువ్వు కాలేజీకి వెళ్ళినదానివి" అని ఒక ముసలావిడ నన్ను ముందుకు తోసింది.

చదివాను. పిల్లలకు పాఠం చదివినట్టు, కామాల దగ్గర ఆగి మరీ చదివాను. అనుమతి లేకుండా ఒక కార్మికుడు చలి గదిలో మందు డబ్బాల మూతలు వదులు చేయడం వల్ల ప్రమాదం సంభవించినది. సదరు కార్మికుడు మరణించినాడు. ఉత్పత్తి రేపు యథావిధిగా కొనసాగును.

"సదరు అంటే ఎవరమ్మా?" అంది ముసలావిడ.

కాగితంలో పేరు లేదు. కానీ చలి గదిలో పనిచేసేది ఒక్కడే.

"మా మరిది" అన్నాను.

నా భుజం మీద చెయ్యి అలాగే ఉంది. బరువు పెరగలేదు, తగ్గలేదు. శవం బయటికి రాకముందే నోటీసు బయటికి వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో అంత చురుగ్గా జరిగిన పని అదొక్కటే.

లోపల్నుంచి బయటపడ్డవాళ్ళలో రెజిన్ కలిపే బక్కోడు ఉన్నాడు. మా మరిదికి స్నేహితుడు. కనుబొమలు కాలిపోయాయి. రోడ్డు పక్కన కూర్చుని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"అన్నం తింటున్నాం వదినా. వాడు షెడ్డులోకి వచ్చి క్యారియర్లు వదిలేసి పరిగెత్తండిరా అన్నాడు. మేం నవ్వాం. ఏంట్రా, మళ్ళీ వాసనా అన్నా నేను. వాడు నవ్వలేదు. వాడి మొహం చూసి లేచాం. వాడు మాతో రాలేదు. తిరిగి గదిలోకే పోయాడు."

"ఎందుకు?" అన్నాను.

వాడు తన అరచేతులు చూసుకున్నాడు. "ఏమో" అన్నాడు.

ఆ మాట అబద్ధమని నాకు తెలిసింది. మా ఇంట్లో అబద్ధం వాసన పట్టేది మామగారొక్కరే కాదు.

అంత్యక్రియలు అయ్యాయి. మా ఆయన లారీ దారిలో వదిలి వచ్చి, తమ్ముడిని సాగనంపి, మళ్ళీ లారీ దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో పనులు మామూలుగా సాగాయి. అన్నం వండితే తిన్నాం. పొద్దున్న లేచాం. ఏడవలేదని ఇరుగుపొరుగు మమ్మల్ని వింతగా చూశారు. మాకే వింతగా ఉండేది. చెయ్యి మొద్దుబారితే గిల్లి చూసుకుంటాం, ఇల్లు మొత్తం మొద్దుబారితే ఎక్కడ గిల్లాలి?

మామగారి ముక్కు పనిచేయడం మానేసింది. మొదట పాలు మాడాయి. ఆయన పక్కగదిలోనే ఉన్నారు, కదల్లేదు. నాకు అనుమానం వచ్చి తడి గుడ్డను కావాలనే బకెట్లో మగ్గబెట్టాను. ఇల్లంతా ముక్కిపోయిన వాసన. మా తోడికోడలు కిటికీలన్నీ తీసింది. ఆయన ఆ బకెట్లోనే చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. గుడ్డ ఉతికి ఆరేశాను. ఆ ముక్కు మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

అయితే యూనియన్ పనిలో మాత్రం ఆయన ఒక్క పూట ఆగలేదు. షెడ్డు కాలిపోయింది కాబట్టి మీటింగు ఫ్యాక్టరీ ఎదుటి ఖాళీ జాగాలో పెట్టారు. ఆడవాళ్ళం వెనక నిలబడి విన్నాం.

"నా కొడుకు మూతలు ముట్టుకోలేదు" అన్నారు మామగారు. ఆయన గొంతులో ఏమీ లేదు. నోటీసు చదివిన నా గొంతులాగే ఉంది. "కంపెనీ అబద్ధమాడుతోంది. చచ్చినవాడు జవాబు చెప్పడని వాడి మీదికి తోస్తోంది. వాడు ముట్టుకోలేదు. ఇదే మన మాట. దీని మీదే నిలబడాలి."

"ముట్టుకోలేదు, ముట్టుకోలేదు" అని అందరూ అన్నారు. గోడల మీద రాశారు. కంపెనీ ముట్టుకున్నాడంటుంది, మేం ముట్టుకోలేదంటాం. ఊరంతా అదే వాదన. చలి గది ఎందుకు వేడెక్కిందని ఎవరూ అడగడం లేదు. మా మరిది నిండు ప్రాణం పోయి, ఒక మూతను ముట్టుకున్నాడా లేదా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా మా తోడికోడలు అంది.

"ముట్టుకున్నాడక్కా."

నేను కత్తిపీట పక్కన పెట్టలేదు. పెడితే తను ఆగిపోతుందనిపించింది. "ఊఁ" అన్నాను.

"కొత్త అచ్చు మిషను వచ్చిందిగా. రెండూ నడిపేంత కరెంటు లేదట. మధ్యాహ్నం అయితే చలి మిషను ఆపేయమని మేనేజరు చెప్పాడు. సాయంత్రానికి డబ్బాలకు కడుపులొచ్చేవట. 'ఇవాళ మా గదిలో అందరూ నెలలు నిండినవాళ్ళేనే' అనేవాడు నాతో. నవ్వుతూనే చెప్పేవాడు. రోజూ మూత కాస్త వదులు చేస్తే ఉస్సుమని గాలి పోయేదట, కడుపు తగ్గేదట. మళ్ళీ బిగించేవాడు."

"మామయ్యగారికి చెప్పలేదా?"

"చెప్పనివ్వలేదు. అవి నాన్న గెలిచిన మూతలే, ఆయనకేమని చెప్పను అన్నాడు." ఒక ముక్క తరిగింది. "ఆ రోజు మిషను పొద్దుటే ఆపేశారట. బక్కోడికీ తెలుసక్కా. మామయ్యకు భయపడి నోరు మూసుకున్నాడు."

నేను చదివిన డిగ్రీలో కెమిస్ట్రీ ఉంది. పెళ్ళయ్యాక అది బట్టల మీద మరకలు పోగొట్టడానికి తప్ప పనికి రాలేదు. ఆ రోజు పనికొచ్చింది. ఆ మందు ఎలాంటిదో చెబుతాను, ఇందులో అర్థం కానిదేమీ లేదు. దాని అణువులో రెండు ఆక్సిజన్లు పక్కపక్కన కట్టేసి ఉంటాయి. ఒకే వంటింట్లో పడని తోడికోడళ్ళలాగ. చల్లగా ఉన్నంతసేపు మొహమాటానికి సర్దుకుంటాయి. వేడి తగిలితే తెగతెంపులు చేసుకుంటాయి. తెగినప్పుడల్లా కొంత గాలి పుడుతుంది, కొంత వేడి పుడుతుంది. ఆ వేడికి పక్కవాళ్ళ ఇంట్లో కూడా గొడవ మొదలవుతుంది. చల్లటి గదిలో కూడా లోపల ఏదో ఒక మూల ఎప్పుడూ కొంచెం తెగుతూనే ఉంటుంది. ఆ కాస్త గాలి పోవడానికే మూతకు చిల్లు. అది వాసన కోసం పెట్టిన చిల్లు కాదు, ఊపిరి కోసం పెట్టింది. చలి ఆపేశారు, ఊపిరి మూసేశారు. ఇక మిగిలింది పగలడమే. వాసన పోవాలంటే షెడ్డును దూరంగా కట్టాలి, గదికి గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టాలి. దానికి డబ్బవుతుంది. మూతకు కాదు.

మంటలు ఆరాక లోపలికి వెళ్ళినవాళ్ళు చెప్పిందీ దీనికి సరిపోయింది. తలుపు పక్కనున్న డబ్బాలు నిలబడ్డ చోటే కరిగి ముద్దయ్యాయి. లోపలి వరసల్లోవి మాత్రం ముక్కలై కప్పు రేకుల్లో గుచ్చుకున్నాయి. మా మరిది తలుపు దగ్గర మొదలుపెట్టి, వదులు చేసుకుంటూ లోపలికి వెళ్ళాడు. సగంలో ఆగాడు. పుస్తకం ప్రకారం అయితే అతనూ పరిగెత్తి ఉండాల్సింది. అలా ఉబ్బిన డబ్బాల దగ్గరికి మనిషి వెళ్ళకూడదు. కానీ షెడ్డు ఖాళీ అవడానికి కొంత సమయం కావాలని అతనికి తెలుసు.

ఇదంతా మామగారికి ఎవరు చెప్పాలి? మేం ఇద్దరు కోడళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పెద్ద కోడలికి వచ్చే గౌరవాలన్నీ ఇలాంటివే.

మర్నాడు ఆయనకు అన్నం వడ్డించి, పొయ్యి మీద కుక్కరు పెట్టాను. అది ఒక విజిల్ వేసింది. రెండోది వేసింది.

"ఈ చప్పుడుతో తలనొప్పి వస్తోంది మామయ్యగారూ" అన్నాను. "ఆ విజిల్ పీకేసి చిల్లుకు సీలు వేయించేద్దామనుకుంటున్నా."

"మతి పోయిందా అమ్మాయ్?" అన్నారు ఆయన తల ఎత్తకుండా. "పేలి చస్తారు ఇంట్లోవాళ్ళంతా."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. కుక్కరు ఇంకోసారి అరిచింది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నారు. నేను పొయ్యి ఆర్పాను.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారు.

"కుక్కరే."

"మేనేజరు మాట ఇది. వాడు ముట్టుకున్నాడని మన నోటితోనే అనిపించాలని చూస్తున్నాడు. నువ్వు చదువుకున్నదానివి, నీకు మాటలు చాలా వచ్చు. నా దగ్గర కాదు." చెయ్యి కడుక్కుని లేచారు. కంచంలో అన్నం అలాగే ఉంది.

ఆయన వెళ్ళాక మా తోడికోడలు కంచం తీసింది. "విన్నారంటావా అక్కా?" అంది.

"విన్నారు. వినకపోతే తినేవారు."

ఆ వారమే కంపెనీ మా తోడికోడలిని పిలిచి ఉద్యోగం ఇచ్చింది. ఈ మేనేజర్ ఎప్పుడూ గొంతు పెంచడు, ఆయన గదిలో ఏసీ ఎప్పుడూ ఆగదు. అందుకని పనివాళ్ళు ఆయనకు చల్లనయ్య అని పేరు పెట్టారు. చల్లనయ్య చాలా మర్యాదగా మాట్లాడాడట. మానవత్వంతో భర్త ఉద్యోగం భార్యకు ఇస్తున్నామన్నాడట. అక్షరాలా అదే ఉద్యోగం. ఫ్యాక్టరీ వెనక రెండో చలి గది ఉంది. అందులోనూ అదే మందు, అవే బిగింపు మూతలు, అక్కడా మధ్యాహ్నం చలి ఆగుతుంది. తనిఖీవాళ్ళు వచ్చేలోపు ఆ డబ్బాలన్నీ చేతులతో మోసి అచ్చుల దగ్గరికి చేర్చాలి, వాడి అవగొట్టాలి. మా తోడికోడలికీ, బక్కోడికీ, ఇంకొందరికీ ఆ డ్యూటీ వేశారు. సోమవారం ఎక్కాలి.

ఆదివారం పొద్దున ఖాళీ జాగాలో మీటింగు. ఈసారి ఆడవాళ్ళం వెనక నిలబడలేదు. వెళ్ళి ముందు కూర్చున్నాం.

"ఇది యూనియన్ మీటింగమ్మా" అన్నాడు ఒక వెల్డరు.

"మరి మేం సినిమాకొచ్చామనుకున్నావా?" అంది ముసలావిడ. "మీ క్యారియర్లు కట్టేది మేం. చస్తే మోసేదీ ఏడ్చేదీ మేం. జరుగు."

వెల్డరు జరిగాడు.

నేను లేచి చెప్పాను. చలి గురించి, గాలి గురించి, చిల్లు గురించి. కుక్కరు సంగతి చెప్పినప్పుడు ఆడవాళ్ళందరూ ఒకేసారి తలలు ఊపారు. మగవాళ్ళకు కాస్త ఆలస్యమైంది, వాళ్ళు కుక్కరును దూరం నుంచే ఎరుగుదురు కదా. చివర్న, మా మరిది మూతలు వదులు చేశాడని కూడా చెప్పాను.

గుంపు కలిసిపోయి గోలయింది.

"అంటే కంపెనీ చెప్పిందే నిజమా?"

"మరి గోడల మీద మేం రాసిందంతా ఏంటి?"

"ఆఫీసువాళ్ళు ఈమెకు ఏమిస్తామన్నారో అడగండి."

"నోర్ముయ్యి. వాళ్ళ మరిదిరా పోయింది."

మామగారు చెయ్యెత్తారు. గోల ఆగింది. "ఈ మాట బయటికి పోతే," అన్నారు నెమ్మదిగా, "వాళ్ళ నోటీసు మీద మనమే సంతకం పెట్టినట్టు. కంపెనీ మీద మనం వేసిన కేసు పోతుంది. ఆ మూతలు అడిగింది యూనియన్. రేపు యూనియన్ ఏదడిగినా, మీరే అడిగి మీరే చచ్చారు కదా అంటారు. యూనియనే పోతుంది."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇన్నేళ్ళలో ఆ పనివాళ్ళకు గర్వంగా చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క వాసన సమ్మె. దాన్ని కూడా తీసేస్తే చేతిలో ఏం మిగులుతుంది?

బక్కోడు లేచాడు. కాలిన కనుబొమలు ఇంకా మొలవలేదు, అందుకని వాడి మొహం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉంటుంది.

"పెద్దాయనా, మీ మాట ఎప్పుడూ దాటలేదు. వాడు చేసేది నాకు తెలుసు. చెప్పలేదు. మీ మొహం చూసి చెప్పలేకపోయాను. ఇప్పుడు కేసు సంగతి నాకు తెలియదు. ఒక్కటే అడుగుతా. రేపు చిన్నొదిన ఆ గదిలోకి పోవాలా, వద్దా?"

మామగారు చిన్న కోడలి వైపు చూడలేదు. నేల చూశారు.

"సరే, మేమే చెప్పుకుంటాం" అంది ముసలావిడ. "వద్దన్నవాళ్ళు చేతులెత్తండి."

ముందు ఆడవాళ్ళ చేతులు లేచాయి. తర్వాత బక్కోడిది. తర్వాత వెల్డరుది. ఆ తర్వాత ఎవరిది ముందో ఎవరిది వెనకో తెలియలేదు. మామగారు రెండు చేతులూ మోకాళ్ళ మీదే పెట్టుకుని కూర్చున్నారు. ఆయన కార్యదర్శి అయ్యాక ఆయన చెయ్యి లేకుండా జరిగిన మొదటి తీర్మానం అది.

సోమవారం ఎవరమూ లోపలికి వెళ్ళలేదు. గేటు బయట రోడ్డు మీద కూర్చున్నాం. గదికి వీలైనంత దూరంగా కూర్చోవాలని నేనే పట్టుబట్టాను. అడిగింది ఎక్కువేమీ కాదు. చలి మిషను ఒక్క నిమిషం కూడా ఆపొద్దు. ఆ గదిలోకి మన మనిషి ఎవరూ వెళ్ళొద్దు. ఆ మందు తయారుచేసిన వాళ్ళనే పిలిపించండి, దాన్ని ఎలా ముట్టుకోవాలో వాళ్ళకు తెలుసు, వాళ్ళే తీసుకెళ్ళాలి. ఇక మీదట చిల్లు మూత లేని డబ్బా ఫ్యాక్టరీలో ఉండకూడదు, భోజనాల షెడ్డు దానికి దూరంగా కట్టాలి.

మామగారు కూడా వచ్చి ఒక చివర కూర్చున్నారు. ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు. పక్కనున్నవాళ్ళు కాస్త చోటిచ్చారు.

ఎండ ఎక్కాక పోలీసు వ్యాను వచ్చింది. దాని వెనక చల్లనయ్య కారు వచ్చింది. ఆయన దిగి, కారు తలుపు చప్పుడు కాకుండా వేసి, మా ముందు నిలబడ్డాడు.

"మీ బాధ నాకు తెలుసు" అన్నాడు. "నేనూ మనిషినే. కానీ నాకు అర్థం కావట్లేదు. ఆ మూతలు వేయించమని అడిగిందెవరు? మీరే. రుమాళ్ళు కట్టుకుని మరీ అడిగారు. మేం ఇచ్చాం. ఇప్పుడు అవి మంచివి కావంటున్నారు. మా కార్మికుడు మూతలు తీశాడని మేమంటే, ముట్టుకోలేదని గోడలు ఖరాబు చేశారు. పోనీ ముట్టుకోలేదనే అనుకుందాం. మూతలు మీరు కోరినవే, ఎవరూ ముట్టుకోలేదు. మరి గది ఎందుకు పేలింది? మీలో ఎవరైనా చెప్పండి, వింటాను."

జనం చెప్పలేకపోయారు, ఎందుకంటే చెప్పాలంటే మామగారి మొహం మీద చెప్పాలి. వెనక వరసలో ఒకరిద్దరు లేచి బట్టలు దులుపుకున్నారు. ఇంకొందరు వాళ్ళను చూసి మోకాళ్ళ మీద చేతులు పెట్టారు, లేవడానికి.

ఇన్‌స్పెక్టరు మా తోడికోడలి దగ్గరికి వచ్చాడు. "ఇవాళ నీకు మొదటి డ్యూటీ కదమ్మా. లే. రోడ్డు మీద కూర్చుంటే ఉద్యోగం పోతుంది. పిల్లలెవరైనా ఉన్నారా?"

తను లేచింది. గేటు వైపు వెళ్ళలేదు. చల్లనయ్య ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ముట్టుకున్నాడు సార్" అంది. "మా ఆయన మూతలు ముట్టుకున్నాడు. రోజూ ముట్టుకునేవాడు."

చల్లనయ్య మొహంలో మొదటిసారి కొంత వెచ్చదనం కనిపించింది. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "విన్నారు కదా" అన్నాడు. "భార్యే చెప్పింది. ఇక లేవండి అందరూ."

వ్యాను తలుపు తెరిచారు. కానిస్టేబుళ్ళు ముందు వరసలోకి వచ్చారు.

అప్పుడు ఆ చివర్నుంచి మామగారు లేచారు. లేవడానికి బక్కోడి భుజం పట్టుకున్నారు. పట్టుకున్న చెయ్యి తీయకుండానే వాడితో సహా నడిచి మధ్యలోకి వచ్చారు. ఒక కానిస్టేబులు ఆయన రెక్క పట్టుకున్నాడు.

"చెప్పాక వస్తాను" అన్నారు ఆయన. "పట్టుకునే ఉండు."

కానిస్టేబులు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. అటునుంచి ఏ సైగా రాలేదు.

"మా కోడలు చెప్పింది నిజం" అన్నారు మామగారు. మేనేజరుతో కాదు, రోడ్డు మీదున్న జనంతో. "వాడు మూతలు వదులు చేశాడు. కంపెనీ చలి ఆపేసిన ప్రతి రోజూ వాడు డబ్బాల ఊపిరి వదిలించాడు. వాడలా చేయబట్టే ఇన్నాళ్ళు గది నిలబడింది. వాడలా చేయబట్టే ఇక్కడ కూర్చున్న మీరందరూ కూర్చుని ఉన్నారు. ముట్టుకోలేదు, ముట్టుకోలేదు అని నేను మీ చేత అరిపించాను. నా కొడుకు చేసిన మంచి పనిని నేనే తుడిపేశాను."

వెనక లేచినవాళ్ళు ఎప్పుడు కూర్చున్నారో నేను చూడలేదు.

"వాసన పోవాలని అడగడం తప్పు కాదు. ఆ చిల్లు ఎందుకుందో అడగకుండా మూయించాను. వాడికి తెలిసిన ముక్క నాతో చెప్పుకోలేకపోయాడు, నేను అలాంటివాణ్ణి. కంపెనీ చలి ఆపింది, దానికి కంపెనీ జవాబు చెప్పాలి. మూతకు నేను చెబుతాను."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "అయిందా పెద్దాయనా? పద."

"కాలేదు" అన్నారు మామగారు. బక్కోడి భుజం మీదున్న చెయ్యి తీసి, మా తోడికోడలి తల మీద పెట్టారు. "తప్పు నాది. నాదే తప్పు. ఆ గదిలోకి మాత్రం ఎవరూ వెళ్ళరు."